జుబైల్ నుంచి జెద్దాకి ఐస్ హాకీ పిల్లలతో

సౌదీ అరేబియాలో తొమ్మిదేళ్ళున్నానన్న మాటే గానీ, ఆసుపత్రీ, నర్సుల క్వార్టర్సూ, వారానికోసారి సామాన్లకి తీసుకెళ్ళే బస్సు కిటికీ తప్ప నేను చూసిందేమీ లేదు. ఆ దేశాన్ని గల్ఫ్ సముద్రం నుంచి ఎర్ర సముద్రం దాకా మొదటిసారి చూసింది ఐస్ హాకీ ఆడే పిల్లల బస్సులో. ఎడారిలో ఐస్ హాకీ ఏమిటని మీరు నవ్వితే తప్పులేదు. నేనూ నవ్వాను. అదీ కాజువాల్టీలో, కనుబొమ్మ చీలి నెత్తురు కారుతున్న కుర్రాడి ముందు నిలబడి.

ఆ కుర్రాడి పేరు హమ్జా. పాకిస్తానీ పిల్లాడు, జుబైల్‌లోనే పుట్టాడు. తీసుకొచ్చిన పెద్దాయన మారెక్, చెక్ దేశం నుంచి వచ్చి ఇక్కడ పెట్రోకెమికల్ ప్లాంటులో ఇంజనీరుగా చేస్తున్నాడు. దెబ్బ ఎలా తగిలిందంటే "ఐస్ హాకీ" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

"నిజం ఆంటీ," అన్నాడు హమ్జా ఉర్దూలో. "ఖోబర్ మాల్‌లో మంచు పరిచిన రింకు ఉంది. మాకు లీగు కూడా ఉంది."

కుట్లు పడుతున్నంతసేపూ నొప్పి మరిచిపోవడానికి వాడు లీగు కథంతా చెప్పాడు. పదిహేను నుంచి పద్ధెనిమిదేళ్ళ పిల్లలు. జుబైల్, రియాద్, జెద్దా, మూడే జట్లు. ఏ సంఘానికీ, ఏ సమాఖ్యకీ చెందని లీగు. తల్లిదండ్రులు తలా కొంత వేసుకుని, మాల్ తెరవకముందు రింకు అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. అయితే విదేశీ కుటుంబాల మీద తలకింతని నెలనెలా కట్టే లెవీ మొదలయ్యాక, అది ఏటేటా పెరుగుతుండటంతో, కుటుంబాలు ఒక్కొక్కటే ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ తిరిగి రాకుండా, వెళ్ళిపోతున్నాయి. జట్లు పలచబడిపోయాయి. తమ ఇల్లు కూడా ఈ నెలాఖరుకే ఖాళీ అని వాడు చివర్లో, అందరి సంగతీ చెప్పినట్టే చెప్పాడు.

మాటల్లో నేను, మా అబ్బాయి చక్రాల బూట్లతో హాకీ ఆడతాడని అన్నాను. మారెక్ తలెత్తి చూశాడు.

"ఎన్నేళ్ళు?"

"పదిహేడు. కానీ వాడు మంచుగడ్డ మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు."

"రేపు పంపండి. మీరు కూడా రండి. మాకు ఆటగాడూ కావాలి, నర్సూ కావాలి. నర్సు లేకపోతే రియాద్ వాళ్ళు ఆడనివ్వం అంటున్నారు."

మా ప్రవీణ్ అప్పటికి రెండు వారాల క్రితమే ఇంటర్ పరీక్షలు రాసి విజిట్ వీసా మీద విశాఖ నుంచి వచ్చాడు. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు నేను సౌదీ వచ్చేశాను. రెండేళ్ళకోసారి వెళ్ళి నలభై రోజులు ఉండటమే. పెంచింది వాళ్ళ నాన్న. పోర్టులో షిఫ్టు దిగి రోజూ సాయంత్రం బీచ్ రోడ్డు పక్కన స్కేటింగ్ రింకుకి తీసుకెళ్ళేవారు. వాడు జిల్లాకి ఆడాడు, రాష్ట్రానికి ఆడాడు. నేను ఫోన్‌కి వచ్చిన ఫొటోలు చూశాను. దమ్మామ్ విమానాశ్రయంలో నన్ను చూసి "బాగున్నారా అమ్మా?" అన్నాడు. మా వైపు పిల్లలు తల్లిని నువ్వు అనే అంటారు. మీరు అనేది టీచర్లనీ పాస్టరుగారినీ. ఆ రెండు వారాలూ "మీరు తిన్నారా", "మీకు డ్యూటీ ఎప్పుడు" అంటూ చుట్టాలింటికొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

నేను పది రోజులు సెలవు పెట్టేశాను.

ఖోబర్: ఆగడం రాదు

మొదటి మూడు రోజులూ ఖోబర్‌లో సాధన. జుబైల్ నుంచి గంటంబావు ప్రయాణం. బయట ఏప్రిల్ ఎండ అప్పుడే మొహం మీద కొడుతోంది. మాల్‌లో కింది అంతస్తులో మాత్రం తెల్లటి మంచు అద్దంలా పరిచి ఉంది. మా ఆసుపత్రి మార్చురీలో తప్ప అంత చల్లదనం నాకు ఆ దేశంలో ఎక్కడా తగల్లేదు. ఒళ్ళంతా కప్పే అబాయా కింద రెండు స్వెట్టర్లు వేసుకున్నాను.

ఆట మన హాకీలాంటిదే గానీ, బంతికి బదులు అరచేతిలో పట్టే నల్ల రబ్బరు బిళ్ళ. దాన్ని పక్ అంటారు. మంచు మీద ఒక్కో జట్టుకి గోల్ కాచే గోలీ కాక అయిదుగురుంటారు. మిగతావాళ్ళు బెంచీ మీద కూర్చుని, నిమిషానికోసారి పరిగెత్తి మారుతుంటారు. అందుకే ఈ లీగులో ఒక నియమం పెట్టుకున్నారు. ఆట మూడు భాగాలు. ప్రతి భాగం మొదలయ్యేటప్పుడూ గోలీ కాక ఎనిమిది మంది ఉండాలి. ఒక్కడు తక్కువైనా ఆ ఆట ఎదుటి జట్టుకి రాసిచ్చేస్తారు. మా జట్టులో ప్రవీణ్‌తో కలిపితే సరిగ్గా ఎనిమిది మంది.

ప్రవీణ్ మంచు మీదకి వెళ్ళాడు. మూడు అడుగుల్లోనే వేగం పట్టుకున్నాడు. హమ్జా "వాహ్!" అని అరిచాడు. ఆ అరుపు పూర్తయ్యేలోపే మావాడు వెళ్ళి చుట్టూ ఉన్న చెక్కగోడని ధడేలుమని గుద్దుకున్నాడు. చక్రాల మీద ఆగడం వేరట. మంచు మీద కాళ్ళు రెండూ ఒక్కసారి అడ్డంగా తిప్పి, బూటు కింది ఇనుప అంచుతో మంచుని కొబ్బరి కోరినట్టు కోరాలి. వీడికి అది రాదు. ఆ రోజు పదకొండుసార్లు గోడకి కొట్టుకున్నాడు. నేను లెక్కపెట్టాను.

హమ్జా వాడి వెనకాలే తిరిగాడు. వాడి ఉర్దూ, వీడి సినిమా హిందీ. "మోకాలు వంచు. గోడని చూడకు. గోడని చూస్తే గోడ దగ్గరికే పోతావ్!" అని అరుస్తూ తనూ పక్కనే ఆగి చూపించేవాడు. మూడో రోజుకి ప్రవీణ్ ఎడమవైపు ఆగగలిగాడు. కుడివైపు మాత్రం దేవుడి దయ.

రింకు పక్క కొట్లో కాఫీ పదిహేను రియాళ్ళు. ప్రవీణ్ దాన్ని పదిహేడున్నరతో హెచ్చవేసి, "రెండొందల అరవై రూపాయలమ్మా, ఒక్క కప్పు!" అని గుండె పట్టుకున్నాడు. బయట మలయాళీ బడ్డీలో ఏలకుల చాయ్ ఒక్క రియాలు. జట్టంతా అక్కడికే నడిచింది.

రియాద్ దారి: చెక్‌పోస్టు

మా బస్సు నడిపిన గంగారాం జగిత్యాల వైపు మనిషి. పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. నా పేరు సువార్త అని చెప్పినా, తెలుగు వినబడ్డ క్షణం నుంచి నేను వాడికి అక్కనే.

"మా కంపెనీ రెడ్ల పడ్డదక్కా," అన్నాడు దారిలో. సౌదీ వాళ్ళకి ఇవ్వాల్సినన్ని ఉద్యోగాలు ఇవ్వని కంపెనీలని నితాఖత్ లెక్కలో ఎరుపు కింద వేస్తారు. ఎరుపులో పడితే పనివాళ్ళ ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, తిరగరాయరు. "నాది ఇంక రెండు నెలలున్నది. అయితే ఒకందుకు మంచిదే. రెడ్ల ఉన్నోడు వీసా ఇచ్చిన కఫీల్‌ను అడగకుంటనే గ్రీన్ కంపెనీకి మారొచ్చు. మంచి కంపెనీ దొరకాలె, గంతే."

ఇసుక, తీగల కంచె, కంచె అవతల ఒంటెలు. మధ్యలో ఇసుక ఎర్రగా మారి దిబ్బలుగా లేచింది. పిల్లలు పాటలు పెట్టుకుని అరుస్తున్నారు. రియాద్ ఇంకా గంట ఉందనగా చెక్‌పోస్టులో బస్సు ఆపారు. యువకుడైన పోలీసు ఇకామాలు చూశాడు, ప్రవీణ్ పాస్‌పోర్టు తిప్పాడు, అన్నీ బాగానే ఉన్నాయి. కింద సామాను తెరిపించి సంచిలో చెయ్యి పెట్టాడు. వాడి చేతికి వరసగా ఇనుప అంచులున్న బూట్లు వచ్చాయి. ఒక్కసారి అందరి మొహాలూ చూశాడు. తర్వాత కర్రలు. తర్వాత గోలీ వేసుకునే ముసుగు.

"ఇష్ హాదా?" ఇదేమిటి?

హమ్జా దిగి అరబీలో చెప్పాడు. ఆ పోలీసు నమ్మలేదు. లోపలికి వెళ్ళి పెద్ద పోలీసుని పిలుచుకొచ్చాడు. హమ్జా ఈసారి తారురోడ్డు మీదే కర్ర పట్టుకుని వంగి, పక్ ముందుకు తోసి, గోల్ కొట్టి, చేతులెత్తి చూపించాడు. పెద్దాయన ముసుగు తీసుకుని తన తలకి తగిలించుకున్నాడు. చిన్నాయన ఫొటో తీశాడు. అరగంట ఆలస్యమైంది గానీ, వెళ్ళేటప్పుడు ఒక పెట్టె ఖర్జూరాలిచ్చి పంపారు.

రియాద్: నేను చేసిన తప్పు

ఆట గురువారం ఉదయం. నాకు బెంచీ చివర చోటిచ్చారు. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నా కొడుకు ఆడటం మొదటిసారి చూశాను. వాడు అంత పొడుగని కూడా నాకు అప్పుడే తెలిసింది. వాడికి పక్ దొరికితే మెడ కొంచెం ఎడమకి వంచుతాడు, వాళ్ళ నాన్న క్రేను మీదికి చూసేటప్పుడు వంచినట్టే.

రెండో భాగంలో మా జట్టులో ఒక పిల్లాడు గోడకి గట్టిగా తగిలి పడ్డాడు. వెళ్ళి కళ్ళు చూశాను, ఏ ఊళ్ళో ఉన్నావు, ఏ రోజు అని అడిగాను. సరిగ్గా చెప్పాడు. కాస్త కూర్చోబెట్టి, మళ్ళీ అడిగి, మెడ తిప్పించి చూసి ఆడమన్నాను.

మూడో భాగంలో రెండు–రెండు. ఇంకా పది నిమిషాలుంది. ప్రవీణ్ కుడివైపు ఆగబోయి ఆగలేక, భుజంతో వెళ్ళి అదే గోడకి కొట్టుకుని వెల్లకిలా పడ్డాడు. నేను రబ్బరు చెప్పులతో మంచు మీద జారుతూ ఎలా వెళ్ళానో తెలియదు. కళ్ళు చూశాను. ఊరు అడిగాను. రోజు అడిగాను. అన్నీ సరిగ్గా చెప్పి, "ఏం కాలేదమ్మా, భుజమే తగిలింది," అని నవ్వాడు.

"వీడు ఇక ఆడడు," అన్నాను మారెక్‌తో.

మారెక్ నా వంక చూశాడు. నర్సు మాటకి ఎదురు లేదని ఆయనే రాసిన నియమం. సరేనన్నాడు. భాగం మొదలైపోయింది కాబట్టి ఆట ఆగలేదు, కానీ మా పిల్లలకి మారేందుకు మనిషి తగ్గాడు. చివరికి కాళ్ళు ఈడ్చుకుంటూ ఆడారు. నాలుగు–రెండుతో ఓడిపోయాం.

బట్టలు మార్చుకునే గది బయట ప్రవీణ్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"ఎందుకు ఆపావు?"

"తలకి తగిలుంటే..."

"తగల్లేదు. నీకు తెలుసు తగల్లేదని. వాడిని ఆడనిచ్చావు, నన్ను ఆపావు. నా ఆట ఎప్పుడైనా చూశావా నువ్వు? ఒక్కసారి? నాన్నయితే ఆపడు. నేనెలా పడతానో నాన్నకి తెలుసు!"

హెల్మెట్ గోడకేసి కొట్టి వెళ్ళిపోయాడు. వాడు చెప్పింది నిజం. ఆపింది నర్సు కాదు. తొమ్మిదేళ్ళు వాడు ఎక్కడెక్కడ పడ్డాడో తెలియని తల్లి, కళ్ళముందు పడేసరికి తట్టుకోలేక ఆపింది. ఎనిమిది మంది పిల్లల ఆట నా భయం వల్ల పోయింది.

బతా: శుక్రవారం భోజనం

మర్నాడు శుక్రవారం. గంగారాం నన్నూ ప్రవీణ్‌నీ బతాకి తీసుకెళ్ళాడు. రియాద్‌లో మనవాళ్ళ పాతబజారు అది. జుమ్మా నమాజు అయ్యాక అక్కడ అడుగు పెట్టడానికి చోటుండదు. సెలవు దొరికిన ప్రతివాడూ అక్కడే. ఒక వీధిలో బంగ్లా, ఒక వీధిలో మలయాళం, మలుపు తిరగ్గానే "ఏం బావా, ఎప్పుడచ్చినవ్?" అని తెలుగు. డబ్బు పంపే దుకాణాల ముందు వరసలు ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికొచ్చాయి.

మేడమీద మెస్సు. పన్నెండు రియాళ్ళకి పప్పు, బెండకాయ పులుసు, కోడికూర, గోంగూర పచ్చడి, అన్నం ఎంత తింటే అంత. వడ్డించేది కోనసీమ ఆయన. పచ్చడి రెండోసారి వేస్తూ, "మొహమాటపడకండి అమ్మగారూ, మన గోంగూరే, కార్గోలో వచ్చింది," అన్నాడు. ప్రవీణ్ ఒక్క మాటా లేకుండా మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. తిని, చేయి కడుక్కోవడానికి లేచి, అటునుంచి అటే బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"పొల్లగాడు మాట్లాడుతలేడా అక్కా?" అన్నాడు గంగారాం.

జరిగింది చెప్పాను. నువ్వు అన్నాడని కూడా చెప్పాను.

గంగారాం నవ్వాడు. "మరింకేమక్కా! నా బిడ్డ నాతోని ఫోన్ల ఎంత మంచిగ మాట్లాడుతదో. 'మంచిగున్నవా బాపూ, తిన్నవా బాపూ.' ఒక్కపారన్న కొట్లాడుతదేమో అని చూస్త. కోపం చేసిండంటే నిన్ను ఇంటిమనిషి అనుకున్నట్టే."

ఆ మెస్సులోనే గంగారాంకి వాళ్ళ మండలం మనిషి ఒకడు కలిశాడు. గ్రీన్‌లో ఉన్న రవాణా కంపెనీ ఒకదానికి డ్రైవర్లు కావాలట. గంగారాం తన ఇకామా ఫొటో వాడి ఫోన్‌కి పంపించి, ఆ తర్వాత బస్సు దాకా మూడుసార్లు జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు.

తాయిఫ్: గులాబీలు, కోతులు

శనివారమంతా ప్రయాణం. ఒకచోట పరాటాలు చెప్పి కూర్చోగానే నమాజు వేళయింది. కొట్టువాడు షట్టరు దించేశాడు, మేం లోపల. పరాటాలు పెనం మీద. అరగంట దీపాలార్పిన కొట్లో వాసన పీలుస్తూ కూర్చున్నాం. షట్టరు లేచేసరికి అడుగు మాడిపోయి ఉన్నాయి. కొట్టువాడు డబ్బు తీసుకోనన్నాడు, మారెక్ ఇవ్వక మానడు. ఆ పెనుగులాట ఇంకో పావుగంట.

సాయంత్రానికి తాయిఫ్ చేరాం. కొండ మీది ఊరు, గాలి చల్లగా ఉంది. ఏప్రిల్ అక్కడ గులాబీల నెల. మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్తే, యెమెన్ నుంచి వచ్చిన పనివాళ్ళు నడుముకి గుడ్డ కట్టుకుని పూలు కోస్తున్నారు. మన కడియం తోటల్లో పూలు దండలకి వెళ్తాయి, ఇక్కడ తిన్నగా రాగి డేగిసాల్లోకి. తోట యజమాని, గడ్డానికి గోరింట పెట్టిన ముసలాయన, నా చేతులు చాపమని గులాబీ నీళ్ళు పోశాడు. చిన్న సీసా ఇరవై రియాళ్ళు. ప్రవీణ్ హెచ్చవేయలేదు. అదే నాకు బెంగ పెట్టింది.

తోట గట్టు మీద వాడి పక్కన కూర్చున్నాను.

"మొన్న నేను నర్సుగా ఆపలేదురా," అన్నాను. "భయమేసి ఆపాను. జట్టందరికీ చెప్పాలనుంది. ముందు నీకు చెబుతున్నా."

వాడు గట్టు మీద రాలిన గులాబీ రేకొకటి తీసి నలిపాడు. "నాకు పడటం వచ్చమ్మా," అన్నాడు. "మొదట నేర్పేది అదే."

"నాకు తెలీదు కదా. చూపించు."

వాడు నన్నొకసారి చూసి, లేచి, ఆ మెత్తటి మట్టిలో పడి చూపించాడు. గడ్డం ఛాతీకి ఆనించి, భుజం తిప్పి, దొర్లి. మళ్ళీ పడ్డాడు. "ఇలా పడితే పర్లేదు. మెడ వెనక్కి విరిగినట్టు పడితే అప్పుడు పరిగెత్తుకు రా. చేతులు చాపి పడితే మణికట్టు చూడు." యెమెనీ పనివాళ్ళు కోత ఆపి చూస్తున్నారు. ముసలాయన అయితే చప్పట్లు కొట్టాడు. పదోసారి పడ్డప్పుడు నేను కళ్ళు మూసుకోలేదు.

బస్సెక్కే ముందు జట్టుకీ చెప్పాను. పిల్లలు ఇబ్బందిగా నేల చూశారు. హమ్జా మాత్రం, "మా అమ్మయితే గోలీని కూడా తీసుకుపోయేది ఆంటీ," అన్నాడు. అందరూ నవ్వారు.

తాయిఫ్ నుంచి దిగే ఘాటురోడ్డు కొండకి చుట్టిన తాడులా ఉంటుంది. పిట్టగోడల మీద బొచ్చు మెడల కోతులు కాపలా కూర్చుని ఉన్నాయి. మా గోలీ అరటిపండు చూపిస్తే, ఒక కోతి పండుతో పాటు వాడి గ్లవ్ కూడా పట్టుకుపోయింది. గంగారాం అరగంట బతిమాలి, ఖర్జూరాలిచ్చి గ్లవ్ విడిపించాడు. కింద మైదానంలో దారి రెండుగా చీలింది. మక్కా వైపు దారి ముస్లింలకే. "మన తొవ్వ గిటక్కా," అని గంగారాం రెండో దారికి తిప్పాడు. హమ్జా తల్లిదండ్రులూ చెల్లెళ్ళూ అప్పటికే మక్కాలో ఉన్నారు. ఉమ్రా యాత్ర చేసుకుని, సోమవారం సాయంత్రం జెద్దా నుంచి లాహోర్ వెళ్ళిపోతారు, మళ్ళీ రాకుండా. ఆట సోమవారం ఉదయం. ఆడి, తిన్నగా విమానాశ్రయానికి వెళ్ళాలని హమ్జా లెక్క.

జెద్దా: వాళ్ళు పోతే మేమెవరితో ఆడాలి

సోమవారం తొమ్మిదింటికి రింకులోకి వెళ్తే మంచు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. కంప్రెసర్ ఆగిపోయిందట. పనివాళ్ళు కింద గదిలో సుత్తులతో కొడుతున్నారు. పదయింది, పదకొండయింది. జెద్దా జట్టు కెప్టెన్ తుర్కీ అనే సౌదీ కుర్రాడు. వాళ్ళమ్మ ఫ్లాస్కులో ఏలకుల కాఫీ తెచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. గోలీ కూడా ఆవిడ కొడుకే, తుర్కీ తమ్ముడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఆసుపత్రి అరబీయే వచ్చు. "నొప్పి ఎక్కడ", "గట్టిగా ఊపిరి తీసుకో" లాంటివి. వాటితోనే గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం.

ఒంటిగంటకి మంచు గట్టిపడింది. రెండు భాగాలు అయ్యేసరికి మూడు–రెండు, జెద్దా ముందుంది. హమ్జా నాన్న అద్దాల వెనక నిలబడి గడియారం చూపిస్తున్నాడు. హమ్జా బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పి, జెర్సీ తీసి పక్కన పెట్టాడు. వాడు ఒక్కొక్కరి తల మీదా తట్టి, ప్రవీణ్ దగ్గర ఆగి, "కుడివైపు కూడా ఆగుతున్నావ్ ఇప్పుడు," అన్నాడు. నా ముందుకొచ్చి తల వంచితే చేత్తో నిమిరాను. వెళ్ళిపోయాడు.

ఏడుగురు.

మారెక్ నియమాల కాగితం తీశాడు. "నేనే రాశాను," అన్నాడు రిఫరీతో. "ఆట జెద్దాది." కలం తీశాడు.

తుర్కీ మంచు మీద నుంచి జారుతూ వచ్చి మా బెంచీ ముందు ఆగాడు. "ఏమైంది?"

చెప్పారు. వాడికి కోపమొచ్చింది. "అయితే గెలిచామా? ఇలాగా? పోయిన ఏడాది మా జట్టులో నలుగురు పోయారు. ఇప్పుడు మీ హమ్జా. వీళ్ళందరూ పోతే మేమెవరితో ఆడాలి?" అని, జెర్సీ తల మీంచి లాగేసి, "హమ్జాది ఇవ్వండి," అన్నాడు.

"వాళ్ళ కెప్టెన్ మనకి ఆడటమేమిటి?" అన్నాడు మా జట్టులో ఒకడు.

"నేను లేకపోయినా మావాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు. నియమంలో కూడా ఎనిమిది మంది అనే ఉంది," అన్నాడు తుర్కీ. "ఎవరి పిల్లలో రాయలేదు."

మారెక్ కాగితం మళ్ళీ చదివాడు. జెద్దా వాళ్ళ కోచ్ వంక చూశాడు. ఆయన భుజాలెగరేశాడు. మారెక్ కలం జేబులో పెట్టుకున్నాడు.

మూడో భాగంలో పిల్లలు ఆడిన ఆట నేను చెప్పలేను. తుర్కీ తన జట్టు మీదే విరుచుకుపడుతుంటే, తమ్ముడు గోల్ ముందు నుంచి అరబీలో తిడుతున్నాడు. వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేక ముసుగులో మొహం దాచుకుంది. ఇంకా నాలుగు నిమిషాలుందనగా ఎవరిదో కర్ర లేచి ప్రవీణ్ మూతికి తగిలింది. మంచు మీద ఎర్రటి చుక్కలు. వాడే లేచి బెంచీ దగ్గరికొచ్చాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. మారెక్ కూడా.

పెదవి ఎత్తి చూశాను. పళ్ళు కదిపి చూశాను. కోత పైపైనే. అద్ది, నొక్కి, పట్టీ వేశాను.

"వెళ్ళు," అన్నాను.

"నర్సుగా చెబుతున్నావా, అమ్మగానా?"

"ఇద్దరం చూశాం. వెళ్ళు."

చివరి నిమిషంలో పక్ ప్రవీణ్‌కి దొరికింది. వాడు గోలీ మీదికి వెళ్తుంటే గోడకి కొట్టుకుంటాడనే అనుకున్నాను. గోలీ కూడా అదే అనుకుని పక్కకి జరిగాడు. ప్రవీణ్ కుడివైపు తిరిగి, మంచు కోరుతూ, అంగుళం మీద ఆగాడు. ఆగి, పక్‌ని మెల్లగా పక్కకి తోశాడు. అక్కడ తుర్కీ ఉన్నాడు. వాడు తమ్ముడి కాళ్ళ మధ్య నుంచి గోల్ కొట్టేశాడు.

మూడు–మూడు. అంతే, అక్కడితో ఆగింది. ఎవరూ గెలవలేదు. ఆ సంగతి రెండు జట్లలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

బలద్: ఫోను

సాయంత్రం జెద్దా పాతపట్నం బలద్‌లో రెండు జట్లూ కలిసి తిరిగాయి. పగడపు రాళ్ళతో కట్టిన ఇళ్ళు, వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు. కొన్ని ఇళ్ళు ఒరిగిపోతే దుంగలు ఊతం పెట్టారు. కింద దుకాణాలు మాత్రం మన విశాఖ పూర్ణా మార్కెట్‌లా కిటకిట. వేయించిన చేప, అన్నం, చింతపండు పచ్చడి. చింతపండు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కొట్లోనే పెద్దవాళ్ళు కూర్చుని, రియాద్ వాళ్ళనీ ఫోన్లో అడిగి తేల్చారు. వచ్చే ఏడాది ఊరి పేరుతో జట్లుండవు. ఉన్న పిల్లలందరి పేర్లూ చీటీలు వేసి పంచుతారు. ఎవరు వెళ్ళిపోయినా, ఎవరు కొత్తగా వచ్చినా లీగు ఆగదు. మొన్న సెలవుకి విశాఖ వచ్చి ఇది రాస్తున్నప్పటికి ఆ చీటీల లీగు మొదలై నెలయింది. నర్సుని నేనే. ప్రవీణ్ ఇక్కడ డిగ్రీలో చేరాడు. పొద్దున లేచి, "అమ్మా, టిఫిన్ పెట్టవేంటి?" అని నా మీద అరిచి మరీ కాలేజీకి వెళ్తున్నాడు.

గంగారాం చేప ముల్లు తీస్తూ తీస్తూ ఫోన్ చూసి లేచి నిలబడ్డాడు. "నఖల్ అయితదట అక్కా, కంపెనీ మారుడు! గ్రీన్ కంపెనీ ఒప్పుకున్నది!" అన్నాడు. ఆ పూట చేపల డబ్బు తనే ఇస్తానని పట్టుబట్టాడు. మేం పాతిక మందిమి. మారెక్ ఇవ్వనివ్వలేదు.

అంతలో ప్రవీణ్ ఫోన్ మోగింది. హమ్జా. విమానాశ్రయంలో ఉన్నాడు. స్పీకరు పెట్టమని అందరూ మీద పడ్డారు.

"ఎంత?" అన్నాడు హమ్జా.

"మూడు–మూడు."

అవతల ఒక్క కేక. ఆ వెంటనే వాళ్ళ నాన్న గసరడం, ఎవరో చంటిపిల్ల లేచి ఏడవడం వినబడ్డాయి.

"ఆగు, ఆగు. ఏడుగురేగా ఉన్నారు? ఎలా ఆడనిచ్చారు? ఎనిమిదో వాడెవడు?"

ప్రవీణ్ ఫోన్ తుర్కీ నోటి దగ్గర పెట్టాడు.

"నీ జెర్సీ నాకు బిగుతుగా ఉంది," అన్నాడు తుర్కీ.

హమ్జా నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతసేపు నవ్వాడంటే, వెనక లాహోర్ విమానం పిలుపు రెండుసార్లు వచ్చింది. వాళ్ళమ్మ "పద పద" అంటోంది. సంచి చక్రాల చప్పుడు మొదలైంది. నడుస్తూనే, రోజూ అడిగినట్టే అలవాటుగా అడిగేశాడు.

"రేపు ప్రాక్టీసు ఎన్నింటికి?"

అడిగాక తనకే తెలిసినట్టుంది, ఆగిపోయాడు. చేపల కొట్లో పిల్లలందరూ ప్రవీణ్ వంక చూశారు.

"ఆరింటికి," అన్నాడు ప్రవీణ్. "లేటు చేయకు."